స్నానాన్ని ఎక్కణ్ణుంచి తీశావు?

అమ్మాయీ,

నీ కథ చదివాను. అమ్మమ్మ తాళాలగుత్తి వెతుక్కునే చోటు బాగుంది. కానీ మొదటి పేజీలోనే నీ కథానాయిక స్నానం తీసుకుంది, మాత్ర తీసుకుంది, ఆటో తీసుకుంది, దీర్ఘశ్వాస తీసుకుని సెలవు కూడా తీసుకుంది. ఇన్ని తీసుకుని ఎక్కడ పెట్టుకుందమ్మా?

ఇదంతా ‘టేక్’ చేసిన పని. ఆ మాట ఇంగ్లీషుకే సొంతం కాదు. 9వ శతాబ్దంలో ఇంగ్లండు ఉత్తరాన, తూర్పున కాపురం పెట్టిన స్కాండినేవియన్ల ‘టకా’ అది. అంతకుముందు ఇంగ్లీషువాళ్లు ‘నిమన్’ అనేవారు. జర్మన్ ‘నేమెన్’ దాని చుట్టమే. కొత్త మాట వచ్చి పాతదాన్ని మెల్లగా తరిమేసింది. మిగిలిన ముక్క తిమ్మిరెక్కిందని చెప్పే ఇంగ్లీషు మాట ‘నమ్’ (numb)లో ఉంది, పట్టుబడ్డదని దాని అసలు అర్థం. మనం కాలికి తిమ్మిరి పట్టిందంటామే, అదే ఊహ.

‘టకా’ అంటే చేత్తో పట్టుకోవడం. ఆ ఒక్క చెయ్యే పోనుపోను మందునీ, బస్సునీ, కాలాన్నీ, ఫొటోనీ పట్టేసుకుంది. తెలుగులో దేని క్రియ దానిదే: మాత్ర వేసుకుంటాం, ఆటో ఎక్కుతాం, సెలవు పెడతాం, ఊపిరి పీలుస్తాం, ఫొటో తీస్తాం. కాలమైతే దానంతటదే పడుతుంది.

‘తీసుకొను’ని విప్పి చూడు. తీయు, కొను. ఉన్నచోటి నుంచి తీసి తన దగ్గరికి చేర్చుకోవడం. గూట్లోంచి అగ్గిపెట్టె తీసుకోవచ్చు, స్నానం ఏ గూట్లో ఉంది? ‘కొను’కి ఇప్పుడు డబ్బు అంటుకుంది గానీ, పుచ్చుకోవడమన్న అర్థం పాతది. పాల్గొను అంటే పాలు కొను, వాటా పుచ్చుకోవడం. ‘టేక్ పార్ట్’కి అచ్చుగుద్దినట్టు సరిపోయే మాట ఇంట్లోనే ఉంటే ‘పెళ్లి పనుల్లో భాగం తీసుకుంది’ అని రాశావు!

పెన్సిలుతో ప్రతి ‘తీసుకొను’ కిందా గీత గియ్యి. వస్తువు చేతికొస్తే ఉంచు. రాకపోతే ఆ మాట కొట్టేసి వాక్యం పైకి చదువు, అసలు క్రియ నోటికి తగులుతుంది. ‘నిర్ణయం తీసుకుంది’ బదులు ‘నిర్ణయించుకుంది’ చాలు. సంభాషణల జోలికి మాత్రం పోకు: మేనేజరు ‘యాక్షన్ తీసుకుంటా’ అంటే అననీ, అలాంటివాళ్లు అలాగే మాట్లాడతారు. సంపాదకులు దిద్దుతారని ఊరుకునేవు! ‘చర్యలు తీసుకోబడును’ అని అచ్చేసేది వాళ్లే. కామాల మీద మాత్రం ఉపన్యాసాలిస్తారు.

కథ పేరు, ఏ పత్రిక అన్నవి తర్వాత చూద్దాం. నాలుగో పేజీలో డాక్టరు ‘టెంపరేచర్ తీసుకున్నాడు’. జ్వరం చూశాడని రాసి మళ్లీ పంపు.