అందరూ ‘సరే’ అంటున్నారంటే ఒకసారి ఆగి చూడండి

మీ ఉత్తరం చదువుతుంటే నా మొదటి ఏడాది గుర్తొచ్చింది. మీకు పరాయి దేశంలో మేనేజరు పదవి వచ్చింది, మీటింగులో మీ బృందంలో అందరూ సరేనంటున్నారు, తీరా గడువు దగ్గరపడేసరికి పని సగంలోనే ఉంటోంది. ఇదంతా వాళ్ళ బద్ధకమని మీరు రాశారు. నాకు అలా అనిపించడం లేదు.

పని బాగా చేసినవారికే సాధారణంగా ఈ పదవి ఇస్తారు. పైగా కొత్త చోట మన సత్తా చూపించుకోవాలన్న తపన ఒకటి. అందుకే ఎవరి పనైనా నచ్చకపోతే మనమే కూర్చుని సరిచేసేస్తాం. నేనూ అదే చేశాను. మా బృందంలో చిన్నమ్మాయి ఒకరు నివేదిక ఇస్తే, రాత్రికి రాత్రే మొత్తం తిరగరాసి, ఆమెకు చెప్పకుండా పైఅధికారికి పంపాను. మరునాడు ఆమె రెండింటినీ తెరమీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. నన్ను ఒక్క మాట అడగలేదు. ఆ తరువాత ఆమె ఇచ్చిన ప్రతి పనీ అరకొరగానే ఉండేది. కొన్నాళ్ళకు ఒక లెక్కలో తప్పు బయటపడింది. అది ఆమెకు మూడు వారాల ముందే తెలుసు. చెప్పాలంటే భయపడేలా చేసింది నేనే.

హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లపై చేసిన అధ్యయనం 1996లో వెలువడింది. మంచి నాయకత్వం ఉన్న బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తప్పు జరిగితే దాచకుండా చెప్పే వాతావరణం అక్కడ ఉండడమే కారణమని ఆమె గ్రహించారు.

కాబట్టి ప్రతి ఒక్కరితో వారానికి అరగంట విడిగా మాట్లాడండి. మీకు పని ఎక్కువైందని ఆ అరగంటను మాత్రం రద్దు చేయకండి. ‘అర్థమైందా’ అని అడిగితే ఎవరైనా అయిందనే అంటారు. ఏం చేయబోతున్నారో వాళ్ళ మాటల్లోనే చెప్పమనండి. తప్పు చూపాల్సివస్తే నలుగురిలో వద్దు. ఇంకొకటి, ఇది మనవాళ్ళు తరచూ చేసేది: బృందంలో మరో తెలుగువారు ఉంటే, మిగతావాళ్ళ ముందు వారితో తెలుగులో మాట్లాడకండి. విషయం ఎంత చిన్నదైనా, తమకు తెలియకుండా ఏదో నడుస్తోందని మిగతావాళ్ళు అనుకుంటారు.

వచ్చే మీటింగులో ‘నేను చెప్పినదాంట్లో తికమక ఎక్కడుంది?’ అని అడిగి ఊరుకోండి. ఆ మౌనం భరించడం కష్టమే. మధ్యలో మీరు మాత్రం అందుకోకండి.