కొత్త ఈసీయూకి ఏసీ, ఫ్యాన్ అప్పగించేటప్పుడు

అల్లుడూ,

మన మారుతి ఎస్టీమ్ కారుకి మెగాస్క్వర్ట్ ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) పెట్టావని, బండి బాగా లాగుతోందని మీ అత్తకి ఫోన్‌లో చెప్పావట. చాలా సంతోషం. కానీ సిగ్నల్ దగ్గర ఏసీ వేస్తే ఇంజిన్ ఆగిపోతోందన్నావే, అది నాకు మనసులో పడిపోయింది. మే నెల ఎండలో, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని బెంజ్ సర్కిల్‌లో ఇరుక్కుంటే మీకెంత టెన్షన్! అందుకే వివరంగా రాస్తున్నాను.

ఇప్పుడు నీ ఏసీ స్విచ్ నేరుగా కంప్రెసర్ క్లచ్‌కి, అంటే ఏసీ కంప్రెసర్‌ని ఇంజిన్‌తో కలిపేదానికి, కరెంట్ పంపుతోంది. క్లచ్ టక్కున పట్టుకోగానే ఇంజిన్ మీద లోడ్ పడుతుంది. ఆర్‌పీఎం పడిపోయాక గానీ ఆ సంగతి ఈసీయూకి తెలియదు. అది గాలి పెంచేలోపే 900 కాస్తా 500కి జారిపోయి బండి ఆగుతుంది. కాబట్టి స్విచ్ వైరుని క్లచ్ నుంచి విడదీసి ఈసీయూ ఇన్‌పుట్‌కి ఇవ్వు. ఆ పిన్ 12 వోల్టులు తట్టుకుంటుందో లేదో ముందు మాన్యువల్‌లో చూసుకో. ఇక నుంచి స్విచ్ పని ఏసీ కావాలని అడగడం వరకే. ఈసీయూ ముందు ఐడిల్ వాల్వ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్‌కి గాలి ఇచ్చేది) కాస్త తెరిచి, ఓ అర సెకను ఆగి, అప్పుడు క్లచ్ రిలే (చిన్న కరెంట్‌తో పెద్ద కరెంట్‌ని కలిపే స్విచ్) కలపాలి. సెట్టింగుల్లో ఏసీ ఐడిల్ అప్ అని ఉండేది ఇందుకే. తర్వాత లాగ్, అంటే ఈసీయూ నమోదు చేసిన రికార్డు, తీసి చూడు. క్లచ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం గీత కొంచెం వంగి వెంటనే నిలబడితే సరిపోయినట్టే. క్లచ్ పడకముందే గీత పైకి ఎగిరిందంటే క్లచ్ కలిపే ముందు ఆగే ఆ సమయం తగ్గించు.

గ్యాస్ ప్రెషర్ స్విచ్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బైపాస్ చెయ్యొద్దు. కంప్రెసర్‌కి ఆయిల్ తిరిగేది గ్యాస్‌తోనే. గ్యాస్ కారిపోయిన సిస్టమ్‌లో క్లచ్ పడుతూనే ఉంటే కంప్రెసర్ పట్టేస్తుంది. ఆ స్విచ్, ఎవాపరేటర్ థర్మోస్టాట్ (లోపలి కూలింగ్ కాయిల్ మంచు కట్టకుండా ఆపేది) రెండూ ఇన్‌పుట్ వైరులోనే వరసగా ఉండనీ.

ఇక రేడియేటర్ ఫ్యాన్. నడిచేటప్పుడే పది ఆంపియర్ల పైన లాగుతుంది, మొదలయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. ఈసీయూ పిన్ రిలే కాయిల్‌ని ఎర్త్ చేస్తే చాలు. ఫ్యాన్ కరెంట్ బ్యాటరీ నుంచి విడిగా, సొంత ఫ్యూజుతో, లావు వైరుతో రావాలి. ఈసీయూకి కరెంట్ ఇచ్చే మెయిన్ రిలే నుంచి తీసుకోకు. తాళం తీసేశాక కూడా తిరుగుతున్న ఫ్యాన్ జనరేటర్‌లా కరెంట్ పుట్టించి ఈసీయూని బతికించి ఉంచుతుంది, ఇంజిన్ వెంటనే ఆగదు.

ఇంజిన్ నీళ్ల వేడిని అదుపు చేసే నీ థర్మోస్టాట్ వాల్వ్ 82 డిగ్రీలదైతే ఫ్యాన్ 95కి ఆన్, 90కి ఆఫ్ పెట్టు. కొందరు చల్లగా ఉంటుందని ఆఫ్‌ని 80కి దించుతారు. వాల్వే 82 దగ్గర ఉంచాలని చూస్తుంటే నీళ్లు 80కి ఎలా వస్తాయి? ఫ్యాన్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఏసీ వేసినప్పుడు మాత్రం ఇంజిన్ వేడితో పని లేదు, క్లచ్‌తో పాటే ఫ్యాన్ తిరగాలి. లేకపోతే నిలబడ్డ బండిలో కండెన్సర్‌కి (ఏసీ గ్యాస్‌ని చల్లబరిచే ముందు జాలీకి) గాలి అందక ప్రెషర్ పెరిగిపోతుంది.

ఓవర్‌టేక్ చేసేటప్పుడు థ్రాటిల్ 80 శాతం దాటితే కొన్ని సెకన్లు ఏసీ కట్ అయ్యేలా పెట్టుకో, చిన్న ఇంజిన్ కదా. ఇంజిన్ వేడి 105 దాటినా ఏసీ కట్ అవ్వాలి. టెంపరేచర్ సెన్సర్ వైరు ఊడిపోతే ఫ్యాన్ తిరుగుతుందో లేదో కూడా చూడు. ఈసీయూ దాన్ని మంచు చల్లని ఇంజిన్ అనుకుని ఫ్యాన్ ఆపేసిందంటే హెడ్ గాస్కెట్ పోయేదాకా నీకు తెలియదు. ప్లగ్ పీకి పరీక్షించు.

అన్నీ అయ్యాక మధ్యాహ్నం ఎండలో బండి నిలబెట్టి, హెడ్‌లైట్లు వేసి, ఏసీ ఫుల్‌లో పెట్టి ఓ ఇరవై నిమిషాలు నడవనీ. ఫ్యాన్ మొదలైనప్పుడల్లా వోల్టేజీ, ఆర్‌పీఎం ఎంత పడుతున్నాయో రాసిపెట్టుకుని, ఆ లాగ్ ఫైల్ నాకు వాట్సాప్‌లో పంపు.

మీ మామయ్య