ఫిల్టర్ బిగించే ముందే కొలిపించు

చి. కార్తీక్‌కి, మామయ్య ఆశీస్సులు.

నీ స్విఫ్ట్ పవర్ పెంచడానికి కోన్ ఫిల్టర్ (గాలి సులువుగా లాగే ఎయిర్ ఫిల్టర్), హెడర్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తెచ్చే గొట్టాలు), ఫ్రీ ఫ్లో సైలెన్సర్ మూడూ ఒకేసారి బిగించేసి, ఆ తర్వాత డైనో, అంటే చక్రాల కింద రోలర్లతో పవర్ కొలిచే యంత్రం, ఎక్కించి ఎంత పెరిగిందో చూస్తానన్నావు. అలా చేస్తే బండి ఇప్పుడు ఎంత ఇస్తోందో తెలుస్తుంది గానీ, ఎంత పెరిగిందో తెలియదు. కంపెనీ చెప్పిన 83 పీఎస్‌తో (పీఎస్ అంటే దాదాపు హార్స్‌పవరే) పోల్చుకుందామంటే కుదరదు. అది క్రాంక్ దగ్గరి, అంటే ఇంజిన్ దగ్గరే కొలిచిన లెక్క, డైనో రోలర్ చూపించేది చక్రాల దగ్గరిది. గేర్‌బాక్సు, యాక్సిల్, టైర్లు తినేది తినగా నీ స్విఫ్ట్ 70 దరిదాపుల్లో చూపించినా కంగారు పడకు. షాపువాళ్లు దానికి 15 శాతం కలిపి చెబుతారు. ముందూ తర్వాతా రెండూ చక్రాల దగ్గరే కొలిస్తే ఆ శాతంతో నీకు పనే లేదు.

కాబట్టి ముందు స్టాక్ బండినే, అంటే ఏ పార్టూ మార్చని బండినే, కొలిపించు. దానికీ ముందు సర్వీసు చేయించు. కంపెనీ ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించు, స్పార్క్ ప్లగ్గులు చూపించు. దుమ్ము పట్టిన పాత ఫిల్టర్‌తో కొలిచి, కొత్త కోన్ ఫిల్టర్‌తో మళ్లీ కొలిస్తే పెరుగుదల కనబడక ఏమవుతుంది? ఆ పని మూడు నాలుగు వందల కాగితం ఫిల్టర్ కూడా చేసేది. ప్రతిసారీ అవే టైర్లు, అంతే గాలి, అదే రకం పెట్రోలు. ఒకసారి మామూలుది, ఒకసారి ప్రీమియంది పోస్తే తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేం.

డైనో మీద అన్ని రన్‌లూ (ఒక్కో కొలత ఒక రన్) ఒకే గేరులో ఉండాలి. నీ బండికి నాలుగో గేరు సరిపోతుంది. ఏసీ ఆపు. కూలెంట్ 90 డిగ్రీలకు వచ్చాక మొదలుపెట్టి, 2000 ఆర్‌పీఎమ్ నుంచి ఫుల్ థ్రాటిల్‌లో పైదాకా లాగించు. మొదటి రన్ లెక్కలోకి తీసుకోకు, టైర్లూ గేర్ ఆయిలూ వేడెక్కడానికే అది. తర్వాత మూడు రన్‌లు చాలు, మధ్యలో ప్రతిసారీ సమానంగా విరామం ఇవ్వాలి. బండిని కట్టే స్ట్రాప్‌లు ఎంత బిగించారో కూడా చూడు. ఎక్కువ బిగిస్తే టైరు రోలర్‌ మీద అణిగి పవర్ తింటుంది, వదులైతే జారుతుంది.

ఎక్కువ మంది మోసపోయేది బానెట్ దగ్గర. కోన్ ఫిల్టర్ ఇంజిన్ బేలో తెరిచినట్టు కూర్చుంటుంది. డైనోలో బానెట్ ఎత్తి, ముందర పెద్ద ఫ్యాన్ పెడితే దానికి చల్లగాలి పుష్కలంగా అందుతుంది, గ్రాఫ్ పైకి లేస్తుంది. రోడ్డు మీద బానెట్ మూసి ట్రాఫిక్‌లో నిలబడితే అదే ఫిల్టర్ రేడియేటర్ వెనక వేడి గాలి పీలుస్తుంది. అందుకని రెండు విడతలూ బానెట్ మూసే కొలిపించు. ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ అంకెలు ఫోన్‌కి పంపే చిన్న ప్లగ్) పెట్టి, ఫోన్‌లో ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రత ప్రతి రన్‌లో రాసుకో. రెండో విడతలో అది 10 డిగ్రీలు ఎక్కువుంటే ఆ రన్‌లతో పోలిక పెట్టకు.

వాతావరణం సంగతి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉంది, గాలి పీడనం విశాఖలో కంటే తక్కువ. డిసెంబరు పొద్దున 18 డిగ్రీలకీ, మే మధ్యాహ్నం 40 డిగ్రీలకీ నీలాంటి టర్బో లేని బండి ముడి అంకెలో 3 హార్స్‌పవర్ దాకా తేడా రావచ్చు, ఏ పార్టూ మార్చకుండానే. దీన్ని సరిదిద్దడానికే కరెక్షన్ ఫ్యాక్టర్. ఎస్‌ఏఈ జే1349 అనే ప్రమాణం అయితే 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్ పొడి గాలికి లెక్కగడుతుంది. ఎస్‌టీడీ అనే పాత లెక్క దానికంటే ఇంచుమించు 4 శాతం ఎక్కువ చూపిస్తుంది. ముందు ఎస్‌ఏఈలో, తర్వాత ఎస్‌టీడీలో ప్రింటు ఇచ్చారంటే నీకు 3 హార్స్‌పవర్ ఊరికే వచ్చేసినట్టే! రెండు ప్రింట్లలోనూ కరెక్షన్ పేరూ, స్మూతింగ్ (గ్రాఫ్ గీతని నునుపు చేసే) అంకె ఒకటేనా చూడు. డైనో ఉష్ణోగ్రత సెన్సర్ సైలెన్సర్ వేడి తగిలే చోట ఉన్నా అంకె ఉబ్బుతుంది. అలా ఉంటే పక్కకు జరపమని అడుగు, మొహమాటపడకు. నీ స్నేహితుడి టర్బో పోలోకి ఈ లెక్క సరిగా అతకదు. ఆ ఇంజిన్‌లో ఈసీయూయే (ఇంజిన్ కంప్యూటరే) బూస్ట్, అంటే టర్బో తోసే గాలి పీడనం, పెంచి తక్కువ పీడనాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది, దాని మీద మళ్లీ కరెక్షన్ వేస్తే లేని పవర్ కనబడుతుంది.

ఇప్పుడు అంకెలు ఎలా చదవాలో చూడు. స్టాక్‌లో మూడు రన్‌లు 70.1, 69.4, 70.6 అనుకో. సగటు 70. ఫిల్టర్‌తో 71.0, 70.3, 71.2, సగటు 70.8. పెరిగింది 0.8. కానీ స్టాక్ బండే రన్‌కీ రన్‌కీ 1.2 ఊగింది. కాబట్టి ఆ 0.8 ఉన్నట్టు కాదు, లేనట్టూ కాదు. ఫిల్టర్ ఒక్కదానితో ఇలాంటి ఇంజిన్‌లో వచ్చేది ఒకటో రెండో, అందుకే అనుమానం తీరాలంటే ఆఖర్న స్టాక్ ఫిల్టర్ మళ్లీ పెట్టించి ఇంకో రెండు రన్‌లు తీయించు. అంకె మొదటి చోటికే దిగితే పెరుగుదల నిజం. దిగకపోతే ఆ పూట బండో, గదో మారిందన్నమాట. పార్టులు కూడా ఒక్కొక్కటిగానే బిగించు.

పీక్, అంటే అన్నిటికంటే ఎక్కువ అంకె, ఒక్కటే చూడకు. హెడర్ వేశాక 6000 ఆర్‌పీఎమ్ దగ్గర 3 హార్స్‌పవర్ పెరిగి, 2500 దగ్గర టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పడిపోవడం మామూలే. నువ్వు రోజూ నడిపేది 2500 దగ్గరే కదా. గ్రాఫ్ నిజమైనదేనా అన్నదానికి ఒక చిన్న పరీక్ష ఉంది: న్యూటన్ మీటర్లలో (ఎన్ఎమ్) టార్క్‌ని ఆర్‌పీఎమ్‌తో గుణించి 7121తో భాగిస్తే హార్స్‌పవర్ రావాలి, ఏ బిందువు దగ్గరైనా.

తేలిక అలాయ్ చక్రాలు ఈ మధ్యలో వేయించకు. బరువైన డ్రమ్ము ఎంత త్వరగా తిరిగిందో చూసి లెక్కగట్టే ఇనర్షియా డైనో, చక్రం తేలికైతే ఇంజిన్ పవర్ పెరిగిందనుకుంటుంది.

డైనో దొరకకపోతే టైమ్ తీసుకోవచ్చు, మూడో గేరులో 2000 నుంచి 6000 దాకా, రెండు దిశల్లోనూ, అంతే మందితో. కానీ ఔటర్ రింగ్ రోడ్డు మీద మాత్రం వద్దు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలోనో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనో ట్రాక్ డే చూసుకో.

క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలో విషవాయువులు తగ్గించే పార్టు) తీసేయమంటే ఒప్పుకోకు. పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గరా, బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 దగ్గరా ఇబ్బంది పడతావు.

స్టాక్ రన్‌లు అయ్యాక ప్రింట్లతో సరిపెట్టుకోక రన్ ఫైళ్లు కూడా పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని నాకు పంపు, హెడర్ అప్పటిదాకా కొనకు.

మీ మామయ్య