ముళ్ళ పూలు పెంచబోయే అమ్మాయికి

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

కొత్త ఇంటి పెరట్లో థిసిల్ అనే ముళ్ళ పూల మొక్కలు పెంచాలని ఉందనీ, అక్కడి నేలంతా బంకమట్టి కావడం వల్ల బతుకుతాయో లేదోనని సందేహంగా ఉందనీ నీవు రాసిన ఉత్తరం చేరింది. నీ సందేహం సరైనదే. ఇంగ్లండు చలికి ఈ మొక్కలు తట్టుకుంటాయి కానీ, చలికాలమంతా వేళ్ళ చుట్టూ నిలిచే తడికి కుళ్ళిపోతాయి.

మొదటిసారి పెంచేవారికి గ్లోబ్ థిసిల్‌ను మించినది లేదని నా అభిప్రాయం. జూలై, ఆగస్టు నెలల్లో ఉక్కునీలం రంగు గుండ్రని పూలు పూస్తాయి, తేనెటీగలు వాటిని వదలవు. అందులో వీచ్స్ బ్లూ అనే రకం సుమారు 3 అడుగులే పెరుగుతుంది కనుక చిన్న పెరటికి సరిపోతుంది. దక్షిణం వైపు రోజంతా ఎండ పడే చోటు చూసి పెట్టు. బంకమట్టిలో గొయ్యి తవ్వి అందులో మాత్రమే మంచి మట్టి నింపితే, ఆ గొయ్యి గిన్నెలాగా నీటిని పట్టి ఉంచుతుంది. అందువల్ల ఒక గజం వెడల్పునైనా నేలను తవ్వి సన్న గులకరాళ్ళు బాగా కలిపి, పాదును చుట్టుపక్కల నేల కంటే జానెడు ఎత్తు చేసి, వసంతంలో నాటడం మేలు. శరదృతువులో నాటితే వేళ్ళు కుదురుకునే లోపే వానలు వచ్చిపడతాయి. ఎరువు వేయవద్దు. సారం ఎక్కువైతే కాడలు ఏపుగా పెరిగి, గాలికి వాలిపోయి, కర్రలు కట్టవలసి వస్తుంది. మొదటి వేసవిలో మాత్రం నేల ఎండినప్పుడల్లా నీరు పోస్తూ ఉండు.

చోటు బాగా ఆలోచించి ఎంచుకో. తల్లివేరు లోతుగా దిగుతుంది కనుక తరువాత పెకలించి మార్చడం కష్టం, పైగా నేలలో మిగిలిపోయిన వేరుముక్కల నుంచి మళ్ళీ మొలకలు వస్తాయి. ఆ గుణమే మనకు ఉపయోగం కూడా. చలికాలంలో మొక్క నిద్రలో ఉన్నప్పుడు పెన్సిలంత లావు వేళ్ళు తీసి, రెండేసి అంగుళాల ముక్కలుగా, పై కొసను తిన్నగా, కింది కొసను ఏటవాలుగా కోస్తే తలకిందులు కాకుండా గుర్తుంటుంది. వాటిని ఇసుక కలిపిన మట్టి కుండీలో నిలువుగా గుచ్చి, వాన పడని చోట ఉంచు.

పెరట్లో ఎప్పుడూ తేమగా ఉండే మూల ఉందని రాశావు. అక్కడికి సిర్సియం రివులేర్ అట్రోపర్‌ప్యూరియం తెచ్చుకో. తేమను కోరే థిసిల్ అది, వేసవి మొదట్లోనే ముదురు ఎరుపు పూలు ఇస్తుంది, ముళ్ళు కూడా అంతగా గుచ్చుకోవు. సీ హోలీ చూడడానికి థిసిల్‌లాగానే ఉన్నా అది మన కొత్తిమీర కుటుంబానికి చెందినది. దానికి గ్లోబ్ థిసిల్ కంటే కూడా పొడినేల కావాలి గనుక కొన్నాళ్ళు ఆగు.

స్కాట్స్ థిసిల్ పేరుతో దొరికే ఓనోపోర్డం జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళవద్దు. మొదటి ఏడు వెండిరంగు ఆకులు నేలమీద పరచుకొని, రెండో ఏడు మనిషిని మించిన ఎత్తుకు లేచి, పూసి, విత్తనాలు వెదజల్లి చనిపోతుంది. ఆ విత్తనాలు ఏళ్ళ తరబడి నేలలో బతికే ఉంటాయి. ఆస్ట్రేలియాలోనూ అమెరికాలోని పలు రాష్ట్రాలలోనూ అది రైతులను పీడించే కలుపు.

గ్లోబ్ థిసిల్ కూడా విత్తనం రాలుస్తుంది. గోల్డ్‌ఫించ్ పిట్టలకు ఆ గింజలు ఇష్టం కనుక నేనైతే కొన్ని పూల తలలు ఉంచి, మిగిలినవి వాడగానే కోసివేస్తాను. వసంతంలో వచ్చే మొలకలను చిన్నగా ఉండగానే లాగివేయాలి. ఇంట్లో ఎండబెట్టుకోవడానికైతే, గోళం నీలమెక్కి, దానిలోని చిన్న పూలు ఇంకా విచ్చకముందే కోసి, వెలుతురు తగలని పొడి గదిలో తలకిందులుగా వేలాడదీయి.

పచ్చికలో దానంతట అదే మొలిచే క్రీపింగ్ థిసిల్‌ను చూసి మురిసిపోకు. 1959 నాటి బ్రిటన్ కలుపు మొక్కల చట్టంలో పేరున్న మొక్క అది. వేరు నేలలో అడ్డంగా పాకుతుంది, పారతో తెంపినకొద్దీ ముక్కముక్కకూ మొలుస్తుంది. పూయకముందే మొదలంటా కోస్తూ, మళ్ళీ లేచినప్పుడల్లా విసుగు లేకుండా కోస్తూ ఉండు. మందపాటి తోలు చేతితొడుగులు మరచిపోవద్దు.

ఇట్లు,
మీ పెద్దమ్మ