ప్రోటీన్‌గా మారని ముక్కలకు పనేమిటి?

ప్రశ్న: నేను ఇంటర్మీడియట్ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధిస్తున్నాను. జన్యువులోని సమాచారాన్ని ప్రోటీన్ తయారీకి మోసుకెళ్లే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏకు రెండు చివరలా అనువాదం కాని (అంటే ప్రోటీన్‌గా మారని) భాగాలు ఉంటాయని చెప్పినప్పుడు, ‘ప్రోటీన్‌గా మారనివాటిని కణం ఎందుకు మోస్తుంది?’ అని ఒక విద్యార్థిని అడిగింది. ‘అనువాదం సమర్థంగా జరగడానికి అవి అవసరం’ అన్న పాఠంలోని మాటతో ఆ అమ్మాయి తృప్తి పడలేదు. మరో సంగతి. మా చెల్లెలికి రక్తపరీక్షలో ఫెరిటిన్ (ఇనుమును నిల్వచేసే ప్రోటీన్) తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాశారు. రోజూ చోడి (రాగి) అంబలి తాగే మనిషికి ఇలా ఎందుకు జరిగింది? ఫెరిటిన్ తయారీకీ ఈ భాగాలకూ సంబంధం ఉందని విన్నాను, నిజమేనా?
– ఒక అధ్యాపకురాలు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: నిజమే. ఈ భాగాల పనితీరును చూపించడానికి ఫెరిటిన్‌ను మించిన ఉదాహరణ లేదని నా అభిప్రాయం. తరగతిలో కూడా అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఏ ప్రోటీన్ తయారు కావాలో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మధ్యభాగం చెబుతుంది. అది ఎప్పుడు, ఎంత తయారు కావాలి, ఆ ఆర్‌ఎన్‌ఏ ఎంతసేపు నిలవాలి అన్నవి చాలావరకు రెండు చివరల్లో తేలుతాయి. ప్రోటీన్‌ను తయారుచేసే యంత్రమైన రైబోజోమ్‌లోని చిన్న ఉపప్రమాణం, ఆర్‌ఎన్‌ఏ మొదలైన 5 ప్రైమ్ చివరను కప్పి ఉండే టోపీ లాంటి రసాయన గుర్తు దగ్గర చేరి, అనువాదం కాని భాగం వెంబడి జరుగుతూ, ప్రారంభ కోడాన్ (మూడక్షరాల సంకేతం) అయిన ఏయూజీ కోసం వెతుకుతుంది. ఆ దారిలో గట్టి మడత అడ్డుపడినా, అసలు ఏయూజీ కంటే ముందు మరో ఏయూజీ తగిలినా ప్రోటీన్ తయారీ సాధారణంగా తగ్గుతుంది.

ఇక ఫెరిటిన్ సంగతి. ఇది కణంలో ఇనుమును దాచే గాదె: 24 ఉపప్రమాణాలు కలిసి ఏర్పడిన బోలు గోళం, లోపల సుమారు 4,500 ఇనుము పరమాణువులు పడతాయి. ఇనుము విడిగా తిరిగితే హానికరమైన ఆక్సిజన్ రాడికల్స్ పుట్టి కణాన్ని దెబ్బతీస్తాయి. కాబట్టి ఇనుము పెరిగినప్పుడు జన్యువు నుంచి కొత్తగా ఆర్‌ఎన్‌ఏ తయారయ్యేదాకా ఆగడం కణానికి క్షేమం కాదు. అందుకే ఫెరిటిన్ ఆర్‌ఎన్‌ఏ ముందే తయారై సిద్ధంగా ఉంటుంది. దాని 5 ప్రైమ్ భాగంలో, టోపీకి దగ్గరగా, సుమారు 30 న్యూక్లియోటైడ్లు (ఆర్‌ఎన్‌ఏలోని అక్షరాలు) తమలో తాము జతకట్టి ఒక చిన్న ఉచ్చులా మడతపడి ఉంటాయని 1987లో గుర్తించారు. కణంలో ఇనుము తక్కువగా ఉన్నప్పుడు ఐఆర్‌పీ అనే, ఇనుమును నియంత్రించే ప్రోటీన్ వచ్చి ఆ మడతను పట్టుకుంటుంది; దాంతో రైబోజోమ్ చిన్న ఉపప్రమాణం ఆర్‌ఎన్‌ఏపైకి చేరలేదు, ఫెరిటిన్ తయారీ ఆగుతుంది. ఇదే మడతను ప్రయోగశాలలో టోపీ నుంచి దూరంగా జరిపితే అడ్డు బలహీనపడుతుంది. ఇనుము పెరిగినప్పుడు ఐఆర్‌పీల్లో ఒకటైన ఐఆర్‌పీ-1లో ఇనుము, గంధకం కలిసిన ఒక గుచ్ఛం ఏర్పడి, అది ఆర్‌ఎన్‌ఏను వదిలేసి అకొనిటేజ్ అనే ఎంజైముగా పనిచేయడం మొదలుపెడుతుంది. సిట్రిక్ ఆమ్ల వలయం పాఠంలో మీ విద్యార్థులు చదివే అకొనిటేజ్ మైటోకాండ్రియాలోది. ఇది అదే పని చేసే దాని దగ్గరి బంధువు, ఉండేది కణద్రవ్యంలో.

విశేషమేమిటంటే, ఇనుమును కణంలోకి తెచ్చే ట్రాన్స్‌ఫెరిన్ గ్రాహకం తాలూకు ఆర్‌ఎన్‌ఏలోనూ ఇవే మడతలు ఐదు ఉన్నాయి, కాకపోతే రెండో చివరనున్న 3 ప్రైమ్ భాగంలో. అక్కడ ఐఆర్‌పీ పట్టుకుంటే అనువాదం ఆగదు, పైగా ఆ ఆర్‌ఎన్‌ఏను ఎంజైములు తెగ్గొట్టకుండా కాపాడుతుంది. అంటే ఇనుము కరువైనప్పుడు ఒకే ప్రోటీన్ ఒకవైపు నిల్వను ఆపించి, మరోవైపు రాబడిని పెంచుతుంది. మడత ఒక్కటే, పట్టుకునే ప్రోటీనూ ఒక్కటే. ఏ చివర ఉందన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతోంది. మీ విద్యార్థిని ప్రశ్నకు ఇంతకన్నా సూటి సమాధానం నాకు తోచదు.

3 ప్రైమ్ భాగానికి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలు కూడా వచ్చి అతుక్కుని ప్రోటీన్ తయారీని తగ్గిస్తాయి. ఒక చిన్న నులిపురుగులో 1993లో దీన్ని కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ బహుమతి లభించింది.

మీ చెల్లెలి విషయానికొస్తే, రక్తంలో కనిపించే ఫెరిటిన్ కణాల నుంచి బయటికి వచ్చిన కొద్దిపాటి భాగం మాత్రమే. అయినా అది తగ్గిందంటే శరీరంలో ఇనుము నిల్వలు తగ్గాయనే అర్థం. చోడిలో ఇనుము ఉన్నమాట నిజమే గాని, అందులోని ఫైటేట్లు అనే పదార్థాలు దాన్ని పేగు పూర్తిగా పీల్చుకోనివ్వవు. నెలసరిలో పోయే రక్తం లెక్క వేరే. మాత్రలు డాక్టరు చెప్పినంత కాలం వాడవలసిందే. జ్వరం, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఇనుముతో నిమిత్తం లేకుండా ఫెరిటిన్ పెరగవచ్చు కాబట్టి, తిరిగి పరీక్ష చేయించేటప్పుడు అలాంటివేమైనా ఉంటే డాక్టరుకు చెప్పమనండి.

దీనికి పూర్తిగా విరుద్ధమైన స్థితి కూడా ఒకటుంది. ఫెరిటిన్ ఆర్‌ఎన్‌ఏలోని ఆ మడతలో ఒక్క అక్షరం మారినా ఐఆర్‌పీ పట్టు సడలుతుంది, ఫెరిటిన్ అడ్డూ అదుపూ లేకుండా తయారవుతుంది. 1995లో వివరించిన ఈ వంశపారంపర్య స్థితిలో ప్రోటీన్‌లో ఏ మార్పూ ఉండదు, శరీరంలో ఇనుమూ ఎక్కువ ఉండదు. రక్తంలో ఫెరిటిన్ మాత్రం ఎక్కువగా ఉంటుంది, చిన్న వయసులోనే కళ్లలో శుక్లాలు వస్తాయి. ఇనుము పేరుకుపోయిందని పొరబడి రక్తం తీసేస్తే ఇలాంటివారికి లేని రక్తహీనత వస్తుంది. అందుకే ఫెరిటిన్ ఎక్కువగా కనిపించినప్పుడు ట్రాన్స్‌ఫెరిన్ సంతృప్తత (రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంతవరకు ఇనుముతో నిండి ఉందో చెప్పే) పరీక్షను కూడా కలిపి చూస్తారు.