పాఠం తలకెక్కట్లేదా? పొద్దున ఏం తిన్నాడో చూడండి

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు, 19 కేజీలు. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీ పనికి నేనూ మా ఆయనా తెల్లారే వెళ్లిపోతాం. వాడు టీ, రెండు బిస్కెట్లతో బడికెళ్తాడు. పదకొండయ్యేసరికి బల్ల మీద తల వాల్చేస్తున్నాడని, చెప్పింది వినడని టీచరు అంటున్నారు. ఆవిడ చెప్పినవి నాకూ సగం గుర్తుండవు. జ్ఞాపకశక్తికి టానిక్ రాస్తారా?

జవాబు: టానిక్ వద్దమ్మా, ఆ డబ్బు గుడ్లకు పెట్టండి. రాత్రి ఎనిమిదికి తింటే బడి భోజనం దాకా పదహారు గంటలు. పెద్దల మెదడే ఒంటి శక్తిలో ఐదో వంతు ఖర్చు చేస్తుంది, పిల్లల్లో ఆ వాటా ఇంకా ఎక్కువ. కాలేయంలో దాచుకునే గ్లూకోజేమో వాళ్లలో తక్కువ. అది తగ్గితే కుదురుగా వినడమే మొదట దెబ్బతింటుంది. దాన్ని మొద్దుతనం అనుకోకూడదు.

పొద్దున చద్దన్నం, మజ్జిగ, ఉల్లిపాయ చాలు. చోడి (రాగి) అంబలీ మంచిదే, కానీ 30 గ్రాముల పిండితో కాచిన గ్లాసుడు అంబలికి వంద కేలరీలే వస్తాయి. పక్కన గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లు, బెల్లం ముక్క పెట్టండి. బడిలో ఇచ్చే గుడ్డు వదలకుండా తినమనండి.

తర్వాత రక్తం. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూపించండి. ఈ వయసులో 11.5 కంటే తగ్గితే రక్తహీనత, 8 కంటే తగ్గితే పెద్దాసుపత్రికి వెళ్లాలి. బడిలో వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు మాత్రలో 45 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. అది రక్తహీనత రాకుండా కాపాడడానికే. వచ్చాక రోజూ కేజీకి 3 మిల్లీగ్రాముల చొప్పున, అంటే మీవాడికి దాదాపు 60, డాక్టరు చూసి రాయాలి. హిమోగ్లోబిన్ పెరిగాక కూడా మూడు నెలలు వాడాలి. చాలామంది ముఖం కాస్త తేటపడగానే ఆపేస్తారు, నిల్వలు నిండక మళ్లీ మొదటికొస్తుంది. విరేచనం నల్లగా వస్తే భయపడకండి. మాత్రకు గంట అటూ ఇటూ టీ వద్దు, ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. నిమ్మరసం మేలు. మీది సీతంపేట వైపు గిరిజన కుటుంబమైతే ముందు సికిల్ సెల్ అనే, పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉందేమో పరీక్ష చేయించండి.

ఇసుక నేలల్లో చెప్పుల్లేకుండా తిరిగితే కొంకిపురుగులు పాదాల్లోంచి చేరి పేగుల్లో రక్తం పీలుస్తాయి. ఫిబ్రవరి, ఆగస్టుల్లో బడిలో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ అనే పురుగుల మాత్ర నమిలి మింగాలి.

చెవిలో చీము కారుతోందా? అలాంటి పిల్లలకు పాఠం సగమే వినబడుతుంది, నూనె పోయకుండా చెవి డాక్టరుకు చూపించండి. మధ్యమధ్యలో కొన్ని సెకన్లు పిలిచినా పలకకుండా అలా చూస్తుండిపోతే అదొక రకం ఫిట్స్ కావచ్చు, ఆలస్యం చేయకండి.

ఇక మీ మతిమరుపు. తమిళనాడు చెరకు రైతులకు కోతకు ముందు, చేతిలో డబ్బాడని రోజుల్లో పెట్టిన తెలివి పరీక్షల్లో తక్కువ మార్కులొచ్చాయి. కోతయ్యాక అదే రైతులకు పెరిగాయి. 2013లో అచ్చయిన పరిశోధన ఇది. అప్పుల లెక్కే బుర్రంతా ఆక్రమిస్తే వేరే మాటకు చోటుండదు. కూలి డబ్బులు అందిన మర్నాడు బడికెళ్లి, టీచరు చెప్పినవి కాగితం మీద రాయించుకోండి.