అరవై దాటిన అమ్మానాన్నలతో క్యోటోలో రెండు రోజులు: ఏ గుళ్ళు చూడాలి, ఎక్కడ నడవాలి?

మీరు జపాన్‌లోని క్యోటో వెళ్ళేది ఏప్రిల్ మొదటి వారం, రెండే రోజులు, నాన్నగారికి మోకాళ్ళ నొప్పి, అమ్మగారు శాకాహారి అని రాశారు. మాదీ ఇంచుమించు ఇదే కథ. ఒసాకాలో ఉద్యోగం చేసే రోజుల్లో మా వాళ్ళని తీసుకెళ్ళాను. మొదటి రోజు ఆశకొద్దీ ఐదు గుళ్ళు పెట్టుకున్నా. సాయంత్రానికి ఏ బుద్ధుడు ఏ గుళ్ళో ఉన్నాడో వాళ్ళకే కాదు, నాకూ గుర్తులేదు. అమ్మ అరికాళ్ళు బొబ్బలెక్కాయి. రెండో రోజు కాలవగట్టు పట్టుకుని నడిచాం. మా ఇంట్లో ఇప్పటికీ క్యోటో అంటే ఆ రోజే.

ఆ దారిని తెత్సుగకు నో మిచి అంటారు. తత్వవేత్త బాట అని. క్యోటో విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్రం చెప్పిన నిషిదా కితారో ఆలోచించుకుంటూ ఇటు నడిచేవారట. మహా అయితే రెండు కిలోమీటర్లు. దాదాపు చదునే, పక్కన కాలవ, పైన చెర్రీ చెట్లు. మీరు వెళ్ళేది పూల కాలం కాబట్టి పది దాటితే మన తిరణాలే. బాట ఉత్తరపు కొసనున్న గింకకుజి గుడి దగ్గర పొద్దున ఎనిమిదిన్నరకి గేటు తీస్తారు, అప్పటికే అక్కడుండి దక్షిణానికి నడుచుకుంటూ రండి.

గింకకుజి అంటే వెండి గుడి. 1482లో అషికాగ యోషిమస అనే షోగున్ (సైనిక పాలకుడు) విశ్రాంతి భవనంగా కట్టడం మొదలుపెట్టాడు, ఆయన పోయాక గుడి అయింది. వెండి రేకు మాత్రం ఎక్కడా లేదు. "వెండేదిరా?" అని అమ్మ నన్నే నిలదీసింది. కానీ ముందున్న తెల్ల ఇసుకని గీతలు గీతలుగా దువ్వి, పక్కనే బోర్లించిన గంపలా ఇసుక దిబ్బ పేర్చి ఉంటుంది, దాని దగ్గర్నుంచి కదల్లేదు. వెనక కొండ మెట్లు నాన్నగారు ఎక్కక్కర్లేదు, తోటంతా కిందనుంచే కనిపిస్తుంది.

దారిలో హోనెన్-ఇన్ గుడి వదలొద్దు. గడ్డి కప్పిన చిన్న గుమ్మం, లోపలికి దిగగానే రెండు వైపులా ఇసుక తిన్నెలు. జనం తక్కువ. ఇంకా కిందికొస్తే ఒతోయో అనే చిన్న గుడి. మామూలుగా కాపలా సింహాలుండే చోట ఎలుకలున్నాయి. వినాయకుడు లేకుండా ఎలుకలేమిటని అమ్మ చాలాసేపు ఆలోచనలో పడింది. మంటల్లో చిక్కిన ఒకునినుషి అనే దేవుణ్ణి ఎలుక కాపాడిందని వాళ్ళ పురాణం.

ఇక నాన్న సంగతి. ఆయన ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు, కోనసీమ మనిషి. గుళ్ళకంటే కాలవ మీదే కన్ను. "ఊళ్ళో ఏరు దక్షిణానికి పారుతుంటే ఇది ఉత్తరానికి పోతోందేమిటి?" అన్నారు. నిజమే. ఇది తవ్విన కాలవ. రాజధాని టోక్యోకి తరలిపోయాక క్యోటో చిక్కిపోతుంటే, పక్కనున్న బివా సరస్సు నుంచి కొండలు తొలిచి నీళ్ళు తెచ్చారు. ఆ పని నడిపించిన తనాబే సకురో అనే ఇంజనీరు అప్పుడే చదువు ముగించిన కుర్రాడు. 1890కి ప్రధాన కాలవ పూర్తయింది, మరుసటి ఏడే దాని నీళ్ళతో కరెంటు తీశారు. నాన్‌జెన్‌జి గుడి ఆవరణలోంచి ఎర్ర ఇటుకల కమానుల మీద ఈ పాయే వస్తుంది. గోదావరి పాయ మీదుగా కాలవని దాటించే గన్నవరం అక్విడక్టు చూసి పెరిగిన మనిషికి వేరే ఏం కావాలి! పక్క మెట్లెక్కి పైన పారే నీళ్ళు చూసొచ్చాక గానీ భోజనానికి రాలేదు. మోకాళ్ళ నొప్పి ఆ పూట గుర్తు రాలేదు మరి.

నాన్‌జెన్‌జికి కాస్త ముందే ఎయ్‌కాన్‌దో అనే గుడి ఉంది. అక్కడి అమిద బుద్ధుడు మెడ తిప్పి వెనక్కి చూస్తుంటాడు. 1082లో ప్రదక్షిణ చేస్తున్న ఎయ్‌కాన్ అనే సన్యాసి ముందు విగ్రహం పీఠం దిగి నడిచిందట. ఆయన నిశ్చేష్టుడై నిలబడిపోతే, వెనక్కి తిరిగి "ఎయ్‌కాన్, ఆలస్యం చేస్తున్నావ్" అందట. విగ్రహం మూడడుగులు కూడా ఉండదు, పక్కకి వెళ్ళి ముఖం చూడండి.

రెండో రోజుకి పొద్దున్నే ఫుషిమి ఇనారి గుడి. టికెట్టు లేదు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. ఎర్ర తోరణాల కింద ఓపికున్నంత దూరం వెళ్ళి వెనక్కి వచ్చేయండి, శిఖరం మీద ప్రత్యేకంగా ఏమీ లేదు. తర్వాత తోజి అనే బౌద్ధ గుడి. అక్కడ ఏనుగు మీద కూర్చున్న తైషకుతెన్ మన ఇంద్రుడు, హంసల మీదున్న బోన్‌తెన్ మన బ్రహ్మ. అమ్మ నేను చెప్పకుండానే పోల్చుకుంది. బంగారు గుడి (కింకకుజి) మానేయమనే నా సలహా. 1950లో తగలబడితే 1955లో తిరిగి కట్టింది. చూడ్డానికి బాగుంటుంది గానీ, జనంతో పాటు తోసుకుంటూ బయటపడటమే.

భోజనం దగ్గర జాగ్రత్త. నాన్‌జెన్‌జి చుట్టూ యుదోఫు, అంటే వేడినీళ్ళలో టోఫు పెడతారు, కానీ నంచుకునే సాస్‌లో ఎండు చేప రసం కలుపుతారు. అమ్మగారికి షోజిన్ ర్యోరి అని అడగండి, సన్యాసుల భోజనం. మేం పులిహోర కట్టుకెళ్ళాం. అన్నట్టు, చెత్తబుట్టలు ఎక్కడా దొరకవు, ఖాళీ కవర్లు సంచీలోనే పెట్టుకోవాలి. గుళ్ళో చెప్పులు విప్పాక చెక్క నేల చల్లగా కొడుతుంది, మందపాటి మేజోళ్ళు రెండు జతలు పెట్టండి. చిరుగులు లేనివి. నేను అదొక్కటే చూసుకోలేదు.